చైనా కాలిగ్రఫీ: కుంచె కొనడం నుంచి తొలి అక్షరం గోడకెక్కే దాకా

తెలుగు అక్షరం రాసేటప్పుడు మన చేయి ఎక్కడా ఆగదు. 'అ' రాసి చూడండి. పెన్ను ఒకచోట మొదలై, చుట్టు తిరిగి, వంపు తీసుకుని కాగితం మీద నుంచి లేచిపోతుంది. గీత ఎలా మొదలైందో, ఎలా ముగిసిందో మనం పట్టించుకోం. చైనా కాలిగ్రఫీకి ఆ రెండే ప్రాణం. అక్కడ ప్రతి గీతకూ తల, నడుము, పాదం ఉంటాయి. తల పెట్టకుండా నడిస్తే అది గీత కాదు, మరక.

కుంచెతో అక్షరాలను అందంగా రాసే ఈ విద్యను చైనీయులు షూఫా అంటారు. సరదాపడి మొదలుపెట్టి, నెల తిరగకుండానే కుంచె పక్కన పెట్టేసినవారిని చాలామందిని చూశాను. అందరిదీ ఒకటే తొందర: గీత చేతికి రాకముందే అక్షరం అందంగా రావాలి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం గీతకే కేటాయిస్తున్నాను. చైనా భాష రాకపోయినా మొదలుపెట్టవచ్చు. అయితే రాసే ప్రతి అక్షరానికీ అర్థం, పలుకుబడి తెలుసుకుని రాయండి. అర్థం తెలియని అక్షరం చేతికి బొమ్మలాగే ఉండిపోతుంది.

ముందుగా కొనవలసినవి

కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి. ఈ నాలుగింటినీ చైనాలో 'చదువు గదిలోని నాలుగు నిధులు' అంటారు. ఒక్కోదానికీ ఒక పుట్టినిల్లు ఉంది. కుంచెకు జెజియాంగ్ రాష్ట్రంలోని హూజౌ, సిరాకు అన్హువేలోని హ్వేజౌ, కాగితానికి అదే అన్హువేలోని జింగ్ ప్రాంతం, రాయికి గ్వాంగ్‌డాంగ్‌లోని జావోచింగ్. ఇప్పుడే అంత దూరం పోనవసరం లేదు. ఉన్న డబ్బులో ఎక్కువ భాగం కుంచె మీద పెట్టండి, మిగతావి మామూలువైనా పని నడుస్తుంది.

కుంచెలు మూడు రకాలు. మేక వెంట్రుకలది మెత్తగా ఉంటుంది, సిరా బాగా పీలుస్తుంది, కొత్త చేతికి లొంగదు. 'తోడేలు వెంట్రుక' అని పిలిచేదానికీ తోడేలుకూ సంబంధం లేదు. ముంగిసను పోలిన ఒక చిన్న జంతువు తోక వెంట్రుకలవి, బిరుసుగా ఉండి వంచినా వెంటనే నిలబడతాయి. ఈ రెండు గుణాలనూ కలిపిన మిశ్రమ కుంచె మూడోది. మీరు తీసుకోవలసింది అదే. వెంట్రుకల పొడవు నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లు, మొదట్లో మందం సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి. ఏడెనిమిది సెంటీమీటర్ల అక్షరం రాయడానికి ఇది సరిపోతుంది. చిన్న కుంచెతో చిన్న అక్షరాలు రాయడం తేలిక అనుకుంటారు కానీ, చిన్న అక్షరంలో తప్పు దాక్కుంటుంది. పెద్ద అక్షరంలో బయటపడుతుంది. నేర్చుకునేవారికి తప్పు కనబడాలి.

మంచి కుంచెకు చైనాలో నాలుగు లక్షణాలు చెబుతారు. తడిపినప్పుడు మొన సూదిలా కలవాలి. మొనను వేళ్లతో నొక్కి చదును చేస్తే వెంట్రుకల చివరలన్నీ ఒకే వరసలో ఉండాలి. పొట్ట గుండ్రంగా, నిండుగా ఉండాలి. వంచి వదిలితే తిరిగి లేవాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇవేవీ చూసే వీలుండదు కాబట్టి ఒకేసారి అరడజను కొనకుండా ఒకటి తెప్పించి పరీక్షించుకోండి.

కొత్త కుంచె పుల్లలా గట్టిగా వస్తుంది. వెంట్రుకలకు జిగురు పట్టించి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో వెంట్రుకల భాగం మాత్రమే మునిగేలా పట్టుకుని, వేళ్లతో మెల్లగా రుద్దుతూ పూర్తిగా విప్పండి. మరిగే నీళ్లు వద్దు, మొదట్లో వెంట్రుకలను పట్టి ఉంచే జిగురు కూడా వదిలిపోతుంది. కుంచెతోపాటు వచ్చే ప్లాస్టిక్ తొడుగును ఆ రోజే పారేయండి. తిరిగి తొడిగేటప్పుడు వెంట్రుకలు మడతపడతాయి, లోపలి తడి ఆరదు.

సిరా విషయంలో మొదట్లో సీసా సిరా చాలు. బీజింగ్‌లో 1865లో మొదలైన యీదగ అనే పేరు సిరాలో అందరికీ తెలిసినదే. సీసా సిరా చిక్కగా ఉంటుంది కాబట్టి చిన్న పింగాణీ సాసరులో కొంచెం పోసి, నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి. మిగిలినది తిరిగి సీసాలో పోయవద్దు, వాసన పట్టి మొత్తం పాడవుతుంది. ఇది మసితో చేసిన సిరా. బట్ట మీద పడితే పోదు. పాత బట్టలు వేసుకుని కూర్చోండి.

సిరా కడ్డీ, నూరే రాయి తరువాత కొనుక్కోవచ్చు. కొన్న రోజున మాత్రం ఆ పని మీకు కొత్తగా అనిపించదు. సాన మీద గంధం తీయడం చూసినవారెవరికైనా ఆ చేయి వాటం తెలుసు. రాతి మీద చెంచాడు నీళ్లు, కడ్డీని నిలువుగా పట్టి, ఒత్తిడి ఎక్కువ పెట్టకుండా గుండ్రంగా తిప్పడం, నీరు పట్టులా చిక్కబడే దాకా ఆగడం. పైన్ చెట్టు మసి కడ్డీ నలుపు కొంచెం నీలి ఛాయలో, నూనె దీపాల మసి కడ్డీ నలుపు మెరుపుతో ఉంటాయి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ సమయంలోనే ఆ రోజు రాయబోయే అక్షరాన్ని చూస్తూ కూర్చుంటే రెండు పనులూ అవుతాయి.

ఇక కాగితం. షువాన్ కాగితాన్ని చాలామంది బియ్యపు కాగితం అంటారు. అందులో బియ్యం ఉండదు. నీల చందనం అని పిలిచే ఒక చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు. పటికనీళ్లు పట్టించని పచ్చి షువాన్ మీద సిరా క్షణంలో పాకుతుంది. ఆ గుణం నిపుణుడికి వరం, మొదటి నెలలో మీకు నిరుత్సాహం. మావోబ్యెన్ అనే లేత పసుపు వెదురు కాగితం తీసుకోండి, గడులు అచ్చువేసినవి దొరుకుతాయి. గడి లోపల నిలువు, అడ్డం, రెండు ఐమూల గీతలు ఉంటే దాన్ని బియ్యం గడి అంటారు, చైనా లిపిలో 'బియ్యం' అనే అక్షరం అలాగే ఉంటుంది కనుక. కాగితానికి నున్నటి వైపు, గరుకు వైపు ఉంటాయి. నున్నటి వైపు రాయాలి. తెప్పించుకోవడం కష్టమైతే గీతల సాధనకు పాత వార్తాపత్రికలు సరిపోతాయి.

కాగితం కింద మందపాటి ఉన్ని గుడ్డ తప్పనిసరి. పాత కంబళి ముక్కయినా సరే. నేరుగా బల్ల మీద పరిస్తే అడుగున సిరా చేరి గీత చెదురుతుంది.

కూర్చోవడం, పట్టుకోవడం

రెండు పాదాలూ నేల మీద ఆనాలి. ఛాతీకీ బల్లకూ మధ్య పిడికిలి పట్టేంత దూరం. ఎడమ చేయి కాగితాన్ని పట్టి ఉంచాలి.

కుంచెను పెన్నులా పట్టుకోకూడదు. బొటనవేలు, చూపుడువేలు ఎదురెదురుగా నిలిచి కర్రను పట్టుకుంటాయి. నడిమివేలు బయటి వైపు నుంచి కొక్కెంలా లోపలికి లాగుతుంది. ఉంగరపువేలు లోపలి వైపు నుంచి గోరు దగ్గరి భాగంతో బయటికి నెడుతుంది. చిటికెనవేలు ఉంగరపువేలికి ఆసరాగా ఉంటుంది, కుంచెను తాకదు. అరచేయి లోపల కోడిగుడ్డు పట్టేంత ఖాళీ ఉండాలి. కుంచె కాగితానికి నిట్టనిలువుగా నిలబడాలి. మొదటి వారం వేళ్లు లాగుతాయి. రెండో వారానికి తగ్గుతుంది. తగ్గకపోతే గట్టిగా పిసుకుతున్నారని అర్థం.

మోచేయి బల్ల మీద ఆనినా పరవాలేదు, మణికట్టు మాత్రం గాలిలో ఉండాలి. వాకిట్లో ముగ్గు వేసే చేతిని గుర్తుచేసుకోండి. మణికట్టు నేలకు ఆనదు, వేళ్లు పిండిని వదులుతాయి, గీతను నడిపేది మాత్రం భుజం నుంచి వచ్చే చేయి. ముగ్గు వేయడం వచ్చినవారికి ఈ అలవాటు ఇతరులకంటే త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఎడమచేతి వాటం ఉన్నవారికి మాత్రం కొంచెం ఇబ్బంది ఉంది. ఈ గీతల వంపులన్నీ కుడిచేతి లాగుడుకు తగ్గట్టు రూపుదిద్దుకున్నవి. కుడిచేత్తో నెల రోజులు ప్రయత్నించి చూడమంటాను. కుంచె ఎలాగూ రెండు చేతులకూ కొత్తదే కాబట్టి కష్టంలో తేడా అనుకున్నంత ఉండదు.

ఒక్క అడ్డగీత

పేరు హెంగ్. 'ఒకటి' అనే అక్షరం అంతా ఇదే. మొదటి వారం దీనితోనే గడపండి.

రాసే ముందు కుంచెను శుభ్రమైన నీళ్లలో ముంచి, గుడ్డతో అద్ది, తరువాత సిరాలో ముంచండి. పొట్ట దాకా తడిసాక సాసరు అంచు మీద తిప్పుతూ ఒత్తి అదనపు సిరా తీసేయాలి. మొన సూదిలా కలిసే దాకా ఇలా చేయండి. ఈ పని చేయకుండా రాసే గీత గుడ్డిగా రాసినట్టే.

ఇప్పుడు గీత. కుడివైపు వెళ్లాలి, కాబట్టి మొనను ముందు ఎడమవైపు కొద్దిగా పెట్టండి. బియ్యపు గింజంత దూరం వెనక్కి, అంతే. అక్కడి నుంచి కిందికి నొక్కి, కుడికి తిరగండి. తిరిగే క్షణంలో కుంచెను వెంట్రుకవాసి పైకి ఎత్తండి, లేకపోతే వెంట్రుకలు మెలిపడతాయి. ఇది తల. ఇప్పుడు నడవండి, కొంచెం పైకి వాలుతూ, ఒకే వేగంతో. నడుము తలకంటే సన్నగా ఉండాలి. చివరికి వచ్చాక ఆగండి. మొనను కొద్దిగా పైకి లేపి, కుడి కిందికి ఐమూలగా నొక్కి, వచ్చిన దారిలోనే ఎడమకు వెనక్కి తిప్పి ఎత్తేయండి. అది పాదం. తలలోనూ పాదంలోనూ మొన కనబడకుండా లోపలే దాగుతుంది.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి గీత అంచులు చూడండి. పై అంచు, కింది అంచు రెండూ ఒకేలా నున్నగా ఉంటే మొన గీత నడుమ నడిచింది. దాన్ని జోంగ్‌ఫెంగ్, అంటే నడిమి మొన, అంటారు. పై అంచు కత్తితో కోసినట్టు, కింది అంచు రంపపు పళ్లలా ఉంటే కుంచె పక్కకు ఒరిగింది. మొన ఒక అంచు మీద, పొట్ట ఇంకో అంచు మీద నడిచాయన్నమాట. ఈ పరీక్ష చేయడానికి గురువు అక్కర్లేదు, అందుకే దీన్ని అంత గట్టిగా చెబుతున్నాను. నేను తొలి రెండు వారాల్లో రాసిన కాగితాలు ఇప్పటికీ దాచుకున్నాను. అన్నిట్లోనూ కింది అంచు రంపమే.

దీనికి తోడు ఇంకో సాధన ఉంది. ఒకే గీతలో కుంచెను నొక్కుతూ, ఎత్తుతూ వెళ్లండి: లావు, సన్నం, లావు, సన్నం. చిక్కుడుకాయలో గింజల వరసలా వస్తుంది. కుంచెకు మూడో దిక్కు ఉందని, అంటే పైకీ కిందికీ కూడా కదులుతుందని, చేతికి తెలిసేది ఇక్కడే. పెన్నుకు అలవాటుపడిన చేతికి ఈ కదలిక బొత్తిగా తెలియదు.

మిగతా గీతలు, ధాన్యకటకం

రెండో వారం నిలువు గీత, షూ. దీనికి రెండు ముగింపులు. ఒకటి మంచుబిందువు వేలాడినట్టు గుండ్రంగా, రెండోది సూది వేలాడినట్టు సన్నగా. ముందు మంచుబిందువు నేర్చుకోండి. మూడో వారం చుక్క, ఎడమకు జారే ప్యె, కుడికి జారే 'నా'. ఆ తరువాత కొక్కేలు, మలుపులు.

వీటిలో కష్టమైనది 'నా' గీత. సన్నగా మొదలై, కుడి కిందికి జారుతూ క్రమంగా లావెక్కి, ఒకచోట పూర్తిగా ఆగి, అక్కడి నుంచి అడ్డంగా కుడికి తేలుతూ మొనతో ముగుస్తుంది. ఆగకుండా లాగేస్తే పాదం ఏర్పడదు. ఆగాక ఒత్తిడి ఒక్కసారిగా తీసేసినా ఏర్పడదు. నడుస్తూనే కొద్దికొద్దిగా ఎత్తాలి.

గీతలన్నీ ఒకే అక్షరంలో కలిపి చూపడానికి పాతకాలం నుంచి 'యోంగ్' అనే అక్షరాన్ని వాడుతున్నారు. 'శాశ్వతం' అని అర్థం. చైనా కాలిగ్రఫీలో మహామహుడు వాంగ్ షీజీ ఒక కవితల సంపుటికి 353లో రాసిన సుప్రసిద్ధ పీఠిక మొదలయ్యేదీ ఈ అక్షరంతోనే. లెక్కకు ఐదు గీతలే అయినా అందులో ఎనిమిది కదలికలు ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక పేరుంది: ఒకటి గుర్రానికి కళ్లెం బిగించడం, ఒకటి కాలితో తన్నడం, ఒకటి పక్షి ముక్కుతో పొడవడం. ఎనిమిదోది మన 'నా' గీతే, దాని పాత పేరు 'జ'.

ఆ పేరు నన్ను ఆపేసింది. 7వ శతాబ్దంలో మన ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, నేటి అమరావతి ప్రాంతమైన ధాన్యకటకం పేరును తన లిపిలో ఐదు అక్షరాలుగా రాసుకున్నాడు. నేటి ఉచ్చారణలో అవి త్వో, నా, జ్యె, జ, జ్యా. అందులో 'ట'కు బదులు నిలిచిన నాలుగో అక్షరం, ఈ ఎనిమిదో గీత పేరుగా ఉన్న అక్షరం ఒకటే. ఆ అక్షరాన్ని ఆయన శబ్దం కోసమే వాడుకున్నాడు, అర్థం కోసం కాదు. అయినా ఆ గీత లాగేటప్పుడల్లా నాకు అమరావతి గుర్తొస్తుంది.

దిద్దడం

మన పిల్లలు పలక మీద ఓనమాలు దిద్దినట్టే, చైనా పిల్లలు ఎర్ర సిరాతో అచ్చువేసిన అక్షరాల మీద నల్ల సిరాతో దిద్దేవారు. తరతరాలుగా దిద్దించిన పాఠం 'షాంగ్ దా రెన్' అని మొదలవుతుంది. మూడు అక్షరాలూ కలిపి ఎనిమిదే గీతలు. ఎవరు కూర్చారో కానీ, పసిచేతిని బాగా ఎరిగినవారే కూర్చి ఉంటారు. మీరూ దిద్దడంతోనే మొదలుపెట్టండి, పెద్దవాళ్లమని మొహమాటపడవద్దు.

గీతల వరస కొన్ని సూత్రాల మీద నడుస్తుంది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడ్డగీత ముందు, దాన్ని కోసే నిలువు తరువాత. 'ప్యె' ముందు, 'నా' తరువాత. పెట్టెలాంటి అక్షరమైతే ముందు గోడలు, తరువాత లోపలి సామాను, చివర కింది తలుపు. వరస తప్పితే చూసేవారికి తెలియదనుకోవద్దు. ఒక గీత ముగిసిన చోటు నుంచి కుంచె గాలిలో ఎటు వెళ్లిందో తరువాతి గీత తలలో కనబడుతుంది.

ఎవరి రాతను అనుసరించాలి అన్నది పెద్ద నిర్ణయం. ఐదు లిపిరీతుల్లో మొదట నేర్చుకోవలసింది కైషు, అంటే గీతలన్నీ విడివిడిగా నిలిచే స్ఫుటమైన రాత. అందులో టాంగ్ రాజవంశ కాలపు ముగ్గురు పెద్దల రాత నేటికీ ఒజ్జబంతి. ఓయాంగ్ షున్ 632లో రాసిన జ్యూచెంగ్ భవన శాసనం కొలతల్లో కచ్చితం, గీతలు సన్నం, ఇసుమంత తేడా వచ్చినా అక్షరం కూలుతుంది. ల్యూ గోంగ్‌చ్వాన్ 841 నాటి శాసనంలో గీతలు ఎముకల్లా గట్టివి. యెన్ జెన్‌చింగ్ గీతలు లావు, అక్షరం విశాలం. 'యెన్‌ది నరం, ల్యూది ఎముక' అని చైనాలో సామెత. నా సలహా యెన్. ఆయన 752లో రాసిన బహురత్న స్తూప శాసనం నీటుగా ఉంటుంది. 779లో తన ముత్తాత యెన్ చిన్‌లీ కోసం రాసిన శాసనంలో వయసు మళ్లిన చేతి నిబ్బరం ఉంటుంది. రెండోదాన్నే నేను ఎంచుకున్నాను, ఎందుకంటే గీతలు పెద్దవి కాబట్టి తల, పాదం స్పష్టంగా కనబడతాయి. ఈ రెండు రాళ్లూ షియాన్ నగరంలోని శిలాశాసనాల వనంలో ఉన్నాయి.

ఏది ఎంచుకున్నా కనీసం ఏడాది పాటు ఒకరినే పట్టుకోండి. నెలకొకరిని మారిస్తే ఎవరి రాతా చేతికి రాదు.

నమూనా పుస్తకంలో అక్షరాలు నల్లటి నేపథ్యం మీద తెల్లగా ఉంటాయి. శాసనం మీద తడి కాగితం పరచి, సిరా అద్ది తీసిన ముద్రలవి, చెక్కిన భాగానికి సిరా అంటదు. ఇంకో సంగతి: శాసనాల్లో పాత రూపం అక్షరాలుంటాయి, ఫోనులోని నిఘంటువులో నేటి చైనా సరళరూపాలు రావచ్చు. రెండూ పొసగకపోతే శాసనాన్నే నమ్మండి.

రోజుకు అరగంట చాలు, నాలుగు అక్షరాలు మించవద్దు. ముందు కుంచె పట్టకుండా చూడండి. అక్షరం గడిలో ఎక్కడ నిలిచింది, ఏ గీత అన్నిటికంటే పొడవు, ఖాళీలు సమానమా? 'మూడు' అనే అక్షరంలో మూడు అడ్డగీతలే కదా అనిపిస్తుంది. నడిమిది పొట్టి, కిందిది పొడవు, మూడింటి వంపూ వేరు. ఇది గమనించాక నమూనా మీద పల్చటి కాగితం వేసి దిద్దండి. తరువాత పక్కన పెట్టుకుని చూసి రాయండి. చివరికి పుస్తకం మూసి రాయండి, తెరిచి పోల్చండి. మూసి రాసినదాంట్లో ఎక్కడ తేడా వచ్చిందో, సరిగ్గా అక్కడే మీరు చూడకుండా వదిలేశారు. ఆ ఒక్క తేడా మీద ఎర్ర పెన్నుతో సున్న చుట్టి మళ్లీ రాయండి. ఒకే అక్షరం యాభైసార్లు ఆలోచించకుండా రాస్తే యాభయ్యోది మొదటిదానికంటే అధ్వానంగా వస్తుంది.

గీత వణుకుతుంటే మరీ నెమ్మదిగా వెళ్తున్నారు. సిరా ఊరిపోతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా కుంచె ఒకేచోట నిలిచింది. వెంట్రుకలు రెండుగా చీలుతుంటే సిరా ఆరిపోయింది, సాసరు అంచు మీద మళ్లీ సవరించుకోండి.

కుంచె కడగడం

రాసిన వెంటనే కడగాలి, భోజనం తరువాత అనుకోకూడదు. చన్నీళ్ల ధార కింద పట్టి, వెంట్రుకల మొదలు దగ్గర వేళ్లతో ఒత్తుతూ నీళ్లు తేటగా వచ్చేవరకు కడగండి. సబ్బు వద్దు. మొన శుభ్రంగా కనబడుతుంది కానీ సిరా మొదట్లోనే దాగి గట్టిపడుతుంది, ఆపైన కుంచె విచ్చుకుపోయి ఇక మూసుకోదు. కడిగాక మొన సవరించి, కిందికి వేలాడదీయండి. గ్లాసులో మొన మీద నిలబెడితే ఒక్క రాత్రిలో వంగిపోతుంది. మన వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి గాలి ఆడేచోట పూర్తిగా ఆరనిచ్చి, డబ్బాలో కర్పూరం బిళ్లతో పెట్టండి. మేక వెంట్రుకలను పురుగు ఇష్టంగా కొరుకుతుంది.

గోడ మీదికి

ఆరు నెలల తరువాత ఒక్క అక్షరం పచ్చి షువాన్ కాగితం మీద రాయండి. సిరా ఈసారి కొంచెం చిక్కగా, నడక కొంచెం వేగంగా ఉండాలి. 'శాశ్వతం' రాయవచ్చు, చైనా నూతన సంవత్సరానికి తలుపుల మీద అంటించే 'శుభం' రాయవచ్చు. పది కాగితాలు రాసి, గోడకు గుచ్చి, మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి చూడండి. దగ్గర బాగున్నవి దూరానికి తేలిపోతాయి, కొన్ని నిలబడతాయి. నిలబడినదాన్ని ఉంచుకోండి. ఎడమ అంచున చిన్న అక్షరాలతో పేరు, సంవత్సరం నిలువుగా రాసి, కింద ఎర్ర ముద్ర వేయండి. ముద్ర అక్షరాన్ని మించి కనబడకూడదు.

ఆరిన షువాన్ కాగితం ముడతలు పడి ఉంటుంది. వారం రోజులు ఆగి, పనికిరాని కాగితం మీద తడి అద్ది సిరా పాకుతుందేమో చూడండి. పాకకపోతే రాసిన కాగితాన్ని బోర్లా పరచి, వెనుక నీళ్లు సన్నగా చిలకరించి, పల్చటి మైదా గంజి వెడల్పు కుంచెతో నడుమ నుంచి అంచులకు పూయండి. దాని మీద కొంచెం పెద్ద కాగితం పరచి పొడి కుంచెతో నిమరండి. అంచులకు మాత్రమే గంజి రాసి నున్నటి చెక్కకు అంటించి, నీడలో రెండు రోజులు వదిలేయండి. ఎండుతూ కాగితం దానంతట అదే బిగుసుకుంటుంది, ముడతలు పోతాయి. అప్పుడు అంచుల వెంట కత్తితో కోసి తీసుకోవడమే.